లేని వీధి మలుపు

మా మామగారి మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. ఉన్నదల్లా ఒక్కటే, ఆయన అన్నమాట తప్పరు. తాగి వచ్చే మామగారితో వేగవచ్చు, పేకాడే మామగారితోనూ వేగవచ్చు. వాళ్ళు కనీసం పొద్దున్న లేచాక కాస్త సిగ్గుపడతారు. మాట మీద నిలబడే మనిషి పొద్దున్న లేచాక ఇంకాస్త గట్టిగా నిలబడతాడు.

పోయిన వారం కథ ఆపినప్పుడు మనం ఆయన్ని ముందుగది కిటికీ పక్కన, ఊగుడు కుర్చీలో వదిలేసి వచ్చాం. "నేను ఈ గడప దాటను. లావినియా వదిలి రాను. కావాలంటే నా శవాన్ని మోసుకుపొండి" అన్నారు. మీకు మధ్యలో వారం గడిచింది. ఆయనకి మాత్రం అదే కుర్చీ, అదే కిటికీ, అదే మాట.

లావినియా అంటే ఊరు. లావినియా అంటే మా అత్తగారు కూడా. లెమ్యుయెల్ సాటర్లీ, అంటే మా మామగారు, ఈ నెబ్రాస్కా గడ్డిలో మేకులు పాతి, తాళ్ళు కట్టి, వీధులు కొలిచి, ఊరికి పెళ్ళాం పేరు పెట్టారు. బ్యాంకు, హోటలు, రెండు చర్చిలు, మెయిన్ వీధికి రెండు పక్కలా కొట్లు, అన్నీ వచ్చాయి. అత్తగారు పోయారు. తర్వాత రైలు వచ్చింది. వచ్చిందంటే ఊళ్ళోకి కాదు, దక్షిణంగా రెండు మైళ్ళ అవతలికి. కంపెనీవాళ్ళు అక్కడ ఒక స్టేషను కట్టి, దానికి జార్విస్ అని పేరు పెట్టి కూర్చున్నారు. జార్విస్ ఎవరని అడక్కండి, ఎవరూ కాడు. ఆ చలికాలం, ఆపైన వసంతం, లావినియా వాళ్ళంతా ఇళ్ళని చక్రాల మీదికి ఎక్కించి అక్కడికి లాగించుకుపోయారు. ముందు సారా కొట్టు వెళ్ళింది, దాని వెనకాలే చర్చిలు. చివరికి ఇక్కడ మిగిలింది గడ్డీ, గాలీ, మా ఇల్లు.

ఆ గడ్డిలో మా ముగ్గురికీ ఒక అలవాటు మిగిలింది. మేము అడ్డంగా నడవం. మామగారు పొద్దున్నే బయలుదేరి, ఏమీ లేని మైదానంలో తిన్నగా వెళ్ళి, బ్యాంకు ఉండిన మూల దగ్గర ఎడమకి తిరుగుతారు. జార్విస్ నుంచి వచ్చేవాళ్ళు బండి ఆపి మరీ నవ్వేవారు. మా ఆయన ఓరిన్ కూడా అంతే. నేను కాలేజీలో లెక్కలు చదువుకున్నదాన్ని, రెండు చుక్కల మధ్య దగ్గరి దారి ఏదో తెలిసినదాన్ని. అయినా కోళ్ళకి గింజలు వెయ్యడానికి మంగలి షాపు చుట్టూ తిరిగి వెళ్తాను. ఆ షాపు పోయి ఎన్నేళ్ళో అయింది.

ఇంక నావల్ల కాలేదు. ఓరిన్ జార్విస్‌లో ధాన్యం గిడ్డంగిలో పని చేస్తాడు. మంచు పడితే రాత్రికి ఇంటికి చేరతాడో లేదో తెలియదు. పిండి తేవాలన్నా, పక్కింటి మనిషితో ఒక మాట అనుకోవాలన్నా రెండు మైళ్ళు. ఈ చలికాలం లోపల ఇల్లు కదలాలి అని నేనే అన్నాను. నేల గడ్డకట్టక ముందే కదలాలి. కదిలించగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, అతను శనివారం రైలెక్కి ఐడహో వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ రాడు.

ఆ మనిషి హోసియా ప్రూయిట్. కమ్మరి. మా మామగారు అతనితో మాట్లాడరు. ఊరూ సరిగ్గా మాట్లాడదు. రైలు సర్వేవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ వెంట తిరిగి, డబ్బు తీసుకుని దక్షిణం నేల చూపించింది అతనేనని, లావినియాని అమ్మేసింది అతనేనని జార్విస్‌లో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. ఇళ్ళు ఎత్తే జాకీలు, చక్రాల దిమ్మలు అతని దగ్గరే ఉన్నాయి కాబట్టి అందరూ అతన్నే పిలిచారు. ఇళ్ళు మోయించుకున్నారు గానీ, ఒక్కరూ ఇంట్లోకి రమ్మనలేదు. అతని భార్య డెల్ఫియా నాకున్న ఒకే ఒక స్నేహితురాలు. "అలసిపోయాను ఆల్మీరా," అంది మొన్న, పెట్టెలో బట్టలు సర్దుకుంటూ. "వాళ్ళ కోపానికి కాదు, వాళ్ళ మర్యాదకి." శనివారం తర్వాత నాకు ఆ మాట చెప్పే మనిషి కూడా ఉండదు. మా ఇల్లే హోసియా చేసే ఆఖరి పని.

*

"అమ్మాయీ," అన్నారు మామగారు ఆ పొద్దున్న, కాఫీ గ్లాసు అందుకుంటూ. "నిన్నటినుంచి కిటికీలోంచి కాస్త దూరం కనబడుతోందేం?"

"ఆకులు రాలాయి కదండీ."

"ఇక్కడ చెట్టెక్కడుంది?"

నేను పొయ్యిలో మొక్కజొన్న కంకులు రెండు వేశాను. ఈ పక్క వంటచెరకు అవే. నిజానికి మూడు రోజులుగా హోసియా ఇంటి కింద జాకీలు బిగిస్తున్నాడు. రోజుకి కాస్త, పూటకి కాస్త. మా ఇల్లు నేల మీద నుంచి మోకాలెత్తు లేచింది. వాకిలి మెట్టు కింద ఓరిన్ రెండు పెట్టెలు వేశాడు. మామగారు గడప దాటడం లేదు కాబట్టి పెట్టెలు చూడలేదు.

"ఎవరొచ్చారు?" అన్నారు గుర్రాల చప్పుడు విని.

"ఇల్లు లాగేవాళ్ళు."

"నేను లేవను."

"లేవొద్దు."

"గడప దాటనని చెప్పాను."

"ఎవరు దాటమన్నారు మామయ్యగారూ? హాయిగా కూర్చోండి. ఇదిగో ఈ చిక్కుళ్ళు కాస్త వలిచిపెట్టండి." ఒళ్ళో గిన్నె పెట్టాను.

ఆయన నా మొహంలోకి చూశారు. నేను చిక్కుళ్ళలోకి చూశాను. అంతలో కింద దూలాలు కిర్రుమన్నాయి, అలమరలో పింగాణీ గలగలలాడింది, పొయ్యి గొట్టం ఒక్కసారి తుమ్మినట్టు నిప్పురవ్వలు రాల్చింది. కిటికీలో కనబడే కంచె మెల్లగా పక్కకి జరిగింది.

"ఓరిన్!" అని అరిచారు మామగారు.

మా ఆయనకి ఇంట్లో గొడవ మొదలవగానే బయట పని గుర్తొస్తుంది. అప్పటికే గుర్రాల ముందున్నాడు.

"ఇది మోసం," అన్నారు నాతో.

"మీరు గడప దాటలేదు కదండీ. గడపే మీతో వస్తోంది."

కుర్చీ ఎత్తుపల్లాలకి దానంతటది ఊగుతోంది. ఊగుడు కుర్చీ అన్నాక ఊగాలి గానీ, మనిషి ఊపకుండా ఊగుతుంటే అందులో కూర్చున్నవాడి మర్యాద ఏం కాను? ఆయన రెండు చేతులతో గిన్నె పట్టుకుని, నేరం రుజువైన రాజులా కూర్చున్నారు. నేను నానబెట్టిన ఆపిల్ ముక్కలతో వంటకి దిగాను. ఇల్లు నడుస్తున్నా మధ్యాహ్నానికి మనుషులకి ఆకలేస్తుంది.

కిటికీ అవతల, గుర్రాల పగ్గం పట్టుకుని హోసియా నడుస్తున్నాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. మనిషి బాగా సన్నబడ్డాడు. మామగారు చూశారు.

"వాడా?" అన్నారు.

"వేరెవరి దగ్గరున్నాయి జాకీలు?"

"అమ్మాయీ, ఆ మనిషితో చెప్పు. కుడిపక్క చక్రం కింద రాయుంది."

"హోసియా అన్నయ్యా, కుడిపక్క చక్రం కింద రాయుందంటున్నారు."

"వినబడింది చెల్లెమ్మా."

"వినబడిందట."

"నాకూ వినబడింది," అన్నారు మామగారు.

ఇలా సాగింది మా ప్రయాణం. ఇద్దరి మధ్యా చెయ్యి చాపేంత దూరం. ఆ దూరంలో నేను మాటల్ని మోస్తూ, మధ్యలో పిండి కలుపుతూ.

కొంత దూరం పోయాక మామగారు గిన్నె పక్కన పెట్టి ముందుకి వంగారు. "ఎక్కడికి పోతున్నాడు? ఇలా తిన్నగా పోతే టిల్లీ ఫ్రింక్ వంటింట్లోంచి పోతాడు!"

ఒకప్పుడు ఫ్రింక్ వాళ్ళ ఇల్లు ఉండిన ఆ చోటు చూస్తే మీకు కనబడేది గడ్డి. ఎండిన, నడుము దాకా వచ్చే, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే గడ్డి. దక్షిణంగా, దూరంగా, జార్విస్ గిడ్డంగి గోపురం. తిన్నగా అడ్డంగా పోతే తొందరగా చేరతాం. వెనకాల పడమర దిక్కున మబ్బు కమ్ముతోంది. వాన పడితే ఈ మట్టిలో చక్రాలు దిగబడి వసంతం దాకా అక్కడే ఉండిపోతాం.

మామగారి మాట నేను అందించే లోపలే హోసియా చెయ్యెత్తాడు. గుర్రాలు ఆగాయి. ఇల్లు ఒకసారి ముందుకి వంగి, నిట్టూర్చి, ఆగింది.

ఓరిన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది?"

"తిప్పాలి," అన్నాడు హోసియా. "మెయిన్ వీధి అటుపక్క. బ్యాంకు దగ్గర తిప్పుకుని పోదాం."

"ఇప్పుడు ఇంటిని తిప్పడమంటే గుర్రాలన్నీ విప్పి మళ్ళీ కట్టాలి కదా! ఆ మబ్బు చూశావా?"

"చూశాను."

"ఇక్కడేముంది బాబూ, అడ్డంగా తోలెయ్!"

హోసియా అప్పటికే కిందికి వంగాడు. మొదటి జత గుర్రాల కొక్కెం విప్పుతున్నాడు.

మామగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయీ. పాత బావులకి భయపడుతున్నాడేమో అడుగు. ఇళ్ళు పోయాయి గానీ బావులు ఎక్కడివక్కడే కదా."

"అన్నయ్యా, బావులకి భయపడుతున్నావా అంటున్నారు."

"బావులన్నీ నేనే పూడ్చాను. ఆదివారాలు వచ్చి. ఎవరి ఆవో, పిల్లో పడుతుందని."

మామగారికీ నాకూ తెలియదు ఈ సంగతి. ఆదివారాలు జార్విస్‌లో అందరూ చర్చిలో ఉంటారు. అతనికి అక్కడ బెంచీ మీద ఎవరూ చోటివ్వరు. ఇన్నాళ్ళూ డెల్ఫియా కూడా నాకు చెప్పలేదు.

"మరి భయం లేకపోతే ఎందుకు తిప్పుతున్నాడో అడుగు," అన్నారు మామగారు, గొంతు కాస్త తగ్గించి.

నేను అడగబోయాను. హోసియా కొక్కెం చేతిలో పట్టుకునే తలెత్తి, ఆయన వంక కాకుండా నా వంకే చూస్తూ అన్నాడు. "ఫ్రింక్ పిన్నిగారి వంటింట్లోంచి గుర్రాల్ని తోలమంటారా, అడుగు చెల్లెమ్మా."

నేను అడగలేదు. అవసరం లేకపోయింది.

ఇల్లు తిప్పడం చాలాసేపు పట్టింది. ఒక్కో జతని విప్పి, పక్కకి నడిపించి, మళ్ళీ కట్టి, చక్రాల దిమ్మని గునపంతో తోసి. ఓరిన్ గొణుగుతూనే ఉన్నాడు. హోసియా చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎవరూ లేని గడ్డిలో, లేని బ్యాంకు మూల దగ్గర, ఉన్న ఒక్క ఇల్లు పద్ధతిగా ఎడమకి తిరిగింది. అక్కడినుంచి మెయిన్ వీధిలో నడిచింది. పక్కన హోటలు, దాని పక్కన మెథడిస్టు చర్చి, దాని పక్కన మందుల కొట్టు. అన్నీ మా కళ్ళకే.

మామగారు కిటికీ నుంచి మొహం తిప్పుకున్నారు. చిక్కుళ్ళు వలవడం మానేశారు.

"ఆల్మీరా," అన్నారు.

ఆయన నన్ను పేరు పెట్టి పిలవరు. చేతికున్న పిండి తుడుచుకున్నాను.

"కంపెనీవాడు వచ్చి ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు. నువ్వింకా ఈ ఇంటికి రాలేదు."

"ఏ కంపెనీవాడు?"

"రైలు కంపెనీవాడు. లైను మీ ఊళ్ళోంచే వేస్తాం, స్టేషను మీ మెయిన్ వీధి చివరే కడతాం అన్నాడు."

నేను ఆయన కుర్చీ దగ్గరికి వచ్చాను.

"మరి?"

"పేరు మార్చుకోమన్నాడు. వాళ్ళ స్టేషన్లన్నిటికీ అక్షరాల వరసలో పేర్లట. ఎఫ్‌తో ఫెంటన్, జీతో గార్లాండ్, హెచ్‌తో హాల్సీ, తర్వాత ఇంగ్రామ్. పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు. మీకు జె వచ్చింది అన్నాడు. ఎల్‌తో పేరు కావాలంటే రెండు స్టేషన్ల అవతలికి పొమ్మన్నాడు. నవ్వుతూ అన్నాడు." ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు. "మీ అత్తయ్యని పాతిపెట్టిన మట్టి అప్పటికింకా కుంగనైనా లేదు. బోర్డు మీద ఆవిడ పేరన్నా ఉంటుందనుకున్నాను. పోరా బయటికి అన్నాను. పోయాడు. లైను పట్టుకుని పోయాడు."

"మరి హోసియా అన్నయ్యో?"

"సర్వేవాళ్ళ కంచరగాడిదకి నాడా ఊడితే కొట్టి ఇచ్చాడు. అంతే."

"నేల చూపించాడని..."

"ఏ నేలా చూపించలేదు. ఊళ్ళో అందరూ నా దగ్గరికి వచ్చారు, లైను ఎందుకు పక్కకి పోయింది లెమ్యుయెల్ అని. నేను ఒకటే అన్నాను. వాళ్ళతో తిరిగినవాణ్ణి అడగండి అన్నాను. ఆ ఒక్క మాటే. మిగతాది ఊరే కట్టుకుంది."

ఊళ్ళు కట్టడంలో వీళ్ళకున్న నైపుణ్యం నాకు తెలుసు. కట్టిందాన్ని చక్రాల మీద ఎక్కించి ఎక్కడికైనా తీసుకెళ్ళగలరు కూడా.

నాకు అరవాలనిపించింది. ఓపిక లేకపోయింది. ఇన్నేళ్ళ చలి, ఇన్నేళ్ళ నడక, డెల్ఫియా మొహం, అన్నీ ఒకేసారి వచ్చి భుజాల మీద కూర్చున్నాయి. పొయ్యి తలుపు తీసి, లోపల ఉన్న ఆపిల్ వంటకం రంగు చూసి, మళ్ళీ మూశాను. చేతులకి ఏదో ఒక పని కావాలి.

"రేపు శనివారం వాళ్ళు వెళ్ళిపోతున్నారు మామయ్యగారూ."

"తెలుసు."

"ఊరు అమ్మాడన్న పేరు మోసుకునే వెళ్తారు."

"నువ్వు చెప్పు వాళ్ళకి."

"నేను చెప్పను. నేను చెప్తే కోడలు మామగారి మీద కసి తీర్చుకుందంటారు. కొందరు నమ్ముతారు కూడా."

"ఆ మనిషితో జన్మలో మాట్లాడనన్నాను. నేను అన్నమాట..."

"గడప దాటనన్నారు. దాటకుండానే ఇంత దూరం వచ్చారు," అన్నాను. "తల్చుకుంటే ఏదో దారి దొరుకుతుంది లెండి."

చినుకులు మొదలయ్యాయి. పెద్ద చినుకులు, దూరం దూరంగా. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

*

జార్విస్ వాళ్ళకి పొద్దుపోవడానికి ఏమీ ఉండదు. రైలు వస్తే చూస్తారు, పోతే చూస్తారు. అలాంటి ఊళ్ళోకి పొయ్యి గొట్టంలోంచి పొగ వస్తున్న ఇల్లు, కిటికీలో లెమ్యుయెల్ సాటర్లీతో సహా నడిచొస్తే ఇంకేం కావాలి? వానలో కూడా బయటికి వచ్చేశారు. లావినియా మొత్తం అక్కడుంది. కొట్లు, చర్చిలు, వాటి ముందు అవే మొహాలు, కాస్త ముడతలతో.

"వచ్చావా లెమ్యుయెల్!" అని టిల్లీ ఫ్రింక్ పిన్నిగారు తన వంటింటి గుమ్మంలోంచి అరిచింది. ఆవిడ వంటిల్లు ఇప్పుడు స్టేషను పక్కనుంది. "కూర్చునే వచ్చావా? నీ పెళ్ళిలో కూడా ఇంత హాయిగా కూర్చోలేదు నువ్వు!"

అందరూ నవ్వారు. మంగలి, తన షాపు చూరు కింద నిలబడి, చేతిలో తువ్వాలు దులుపుతూ కేకేశాడు. "ఏం హోసియా! ఊరు అమ్మావు, ఇప్పుడు పెద్దాయన్ని కూడా కంపెనీకి అమ్మేశావా? ఈయనకెంత ఇచ్చారు?"

ఇంకా గట్టిగా నవ్వారు. వాళ్ళకిది కోపం కూడా కాదు, అలవాటు. హోసియా అటు తిరగలేదు. వానలో గుర్రాల కొక్కేలు విప్పుకుంటున్నాడు. స్టేషను చూరు కింద, తాళ్ళు కట్టిన పెట్టె మీద డెల్ఫియా కూర్చుని ఉంది. రేపటి రైలుకి సామాను ముందే తెచ్చుకుంది. నన్ను చూసి చెయ్యి సగం ఎత్తి, దించేసింది.

నా వెనకాల కుర్చీ కిర్రుమంది.

మామగారు లేచారు. తలుపు తీశారు. గుమ్మం రెండు పక్కలా చేతులు పెట్టుకుని, గడపకి సరిగ్గా ఇవతల, బూట్ల కొనలు చెక్కకి తాకేలా నిలబడ్డారు. దాటలేదు. వానజల్లు మొహం మీద పడుతోంది.

"హోసియా," అన్నారు.

నవ్వులు ఆగాయి. ఆ పేరు ఆ నోట విని ఎన్నేళ్ళయిందో అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. హోసియా చేతిలో కొక్కెం అలాగే ఉండిపోయింది.

"లైను మన ఊళ్ళోంచే వేస్తామన్నారు. నా బల్ల దగ్గర కూర్చుని అన్నారు. పేరు మార్చుకోమంటే నేనే వెళ్ళగొట్టాను." ఆయన గొంతు వానలో వీధి చివరి దాకా వెళ్ళింది. "ఇతను గాడిదకి నాడా కొట్టాడు. ఇంకేం చెయ్యలేదు."

టిల్లీ ఫ్రింక్ పిన్నిగారు ఆప్రాన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంగలి తువ్వాలు మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడత పెడుతున్నాడు. సొంత నేల వదులుకుని, సొంత ఇళ్ళు ఈడ్చుకుని వచ్చిన మనుషులు. వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే హోసియా మీదనుంచి మా గుమ్మం వైపు తిరగడం నేను చూశాను. నాకు నచ్చలేదు ఆ తిరగడం.

మామగారు ఇంకేదో లోపలే గొణిగారు. హోసియా మెల్లగా వెనక్కి తిరిగాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"వినబడలేదు," అన్నాడు.

మామగారు అలవాటు చొప్పున నా వంక చూశారు, మాట అందించమని.

నేను చిక్కుళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఆయన వలవకుండా వదిలేసినవి వలుస్తున్నాను. చాలా పనుంది నాకు. తలెత్తే తీరిక లేదు.

ఆయన కాసేపు ఎదురుచూశారు. తర్వాత గుమ్మం వదిలి, ఒక కాలు ఎత్తి, గడప అవతల వానలో పెట్టారు.

"తప్పు నాది హోసియా," అన్నారు. "నాదే తప్పు."